ఫిన్నీ కారుకు చాలని మెమరీ

జూన్ 9, 2008, సోమవారం

మా స్కానింగ్ సెంటర్ డాక్టరు గారు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది నాకిచ్చారు. "మీ తమ్ముడికి పనికొస్తుందేమో చూడు దీవెనా" అన్నారు. ఆయన చెప్పే రిపోర్టులు రోజంతా టైపు చేస్తూ ఒక్క స్పెల్లింగు తప్పు పోనివ్వనని నా మీద అభిమానం. గవర్నర్‌పేట నుంచి మా ఊరు హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పక్క సీటావిడ తన చంటిబిడ్డను కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

ఫిన్నీ మొహం చూడాలి. కండరాల జబ్బుతో ఎనిమిదో తరగతిలో నడక ఆగిపోయినప్పటి నుంచి వాడికి కిటికీయే లోకం. హైవే మీద పోయే లారీ ఏ కంపెనీదో హారన్ విని చెబుతాడు. చిన్నప్పుడు కార్ల ఆట కోసం నాన్న వాడిని నెట్ సెంటర్‌కు ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు పదిహేడేళ్ళవాడిని ఎవరెత్తుతారు? పైగా నాన్న ఇంట్లో ఉంటేగా. చేపల లారీ తోలుకుంటూ సగం జీవితం హౌరా దారిలోనే గడుపుతాడు. మామూలు కంప్యూటర్ కొందామంటే ఈ కరెంటు కోతలకు నిలవదు. వాడు బల్ల ముందు కూర్చోనూ లేడు. ఇదైతే మంచం మీద పీట వేసి పెట్టొచ్చు.

"అక్కా, దీంట్లో కార్లు ఆడొచ్చా?" వాడి మొదటి మాట అదే.

అమ్మ దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. తర్వాత పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా తెచ్చింది. "కీబోర్డు మీద వద్దమ్మా" అని నేనూ ఫిన్నీ ఒకేసారి అన్నాం. మూత మీద ఒక చుక్క రాసి ఊరుకుంది.

జూన్ 10

కాళ్ళ తర్వాత చేతులు అని ఫిన్నీని చూసిన డాక్టరు నిరుడు నాకు చెప్పాడు. నాకొక్కదానికే చెప్పాడు. ఆ సంగతి ఇందులో రాయకూడదనుకున్నాను. రాసేశాను. ఇక రాయను.

జూన్ 12

పక్కింటి కోటి బస్టాండు దగ్గర కార్ల ఆట సీడీ కొనుక్కొచ్చి ఎక్కించాడు. ఫిన్నీ ఎర్ర కారు తీసుకున్నాడు. అది బయల్దేరింది, నాలుగు గజాలు పోయి ఆగింది, మళ్ళీ పోయింది. మలుపు దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. నేను వెళ్ళి టీ పెట్టుకుని వచ్చేసరికి తిరిగింది. నాన్న లారీ రివర్సులో వచ్చినా దీనికంటే ముందుంటుంది.

"మెమరీ చాలదక్కా. ఐదొందల పన్నెండు ఎంబీయే ఉంది" అన్నాడు ఫిన్నీ.

"డాక్టరు గారు ఎనభై జీబీ అన్నారు గదరా. ఎనభై చాలకపోతే ఇంకెంత కావాలి నీ కారుకి?"

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అది హార్డ్ డిస్కక్కా. అది బీరువా. మెమరీ అంటే బల్ల. బీరువాలో ఎంత పట్టినా, బల్ల చిన్నదైతే ఒక్కోటీ తీసి పెట్టుకుంటా కూర్చోవాలి."

మై కంప్యూటర్‌లోకి వెళ్ళి ఆ అంకె ఎక్కడ కనిపిస్తుందో కూడా చూపించాడు. రోజూ కంప్యూటర్ ముందే బతుకుతాను, ఇన్నాళ్ళూ నేనెప్పుడూ అక్కడ నొక్కి చూడలేదు.

జూన్ 14

ఆడుతున్నాడు. తిట్టుకుంటూనే ఆడుతున్నాడు. ఆ ఈడ్చుకుంటూ పోయే కారుతోనే ఈరోజు రెండో స్థానంలో వచ్చాడు. ఇల్లంతా వినపడేలా పిలిచి చెప్పాడు.

జూన్ 15, ఆదివారం

చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది. పాస్టరు గారు "ఈ వారం మేలు పొందినవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అనగానే చెంగు తలమీద సర్దుకుని లేచింది. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. మైకు పట్టుకుని "నా బిడ్డ చేతుల్లోకి బలం వచ్చిందండీ. కంప్యూటర్ మీద టకటకా నొక్కుతున్నాడండీ. దేవుడికి స్తోత్రం" అంది. చర్చంతా స్తోత్రం అంది. మా వెనకాల కూర్చున్న దానమ్మ గారు ఏడ్చారు కూడా.

నేనూ స్తోత్రం అన్నాను. ఎందుకనకూడదు? వాడు నొక్కుతున్న మాట నిజమే. రెండో స్థానం వచ్చిన మాట నిజమే. డాక్టర్లు చెప్పేవన్నీ జరగాలని లేదు. మా సెంటర్లోనే ఎన్ని రిపోర్టులు చూడలేదు, అటుది ఇటైపోయినవి.

జూన్ 17

"ఈ మెమరీతోనే ఇంత నడుపుతున్నానంటే, మంచి మెమరీ ఉంటే ఎవడన్నా నన్ను అందుకుంటాడా అక్కా?" అన్నాడు.

వేయిస్తాను. వాడి విషయంలో ఇన్నేళ్ళకు నా వల్ల అయ్యే పని ఒకటి దొరికింది. దీనికి షాపులున్నాయి, తెచ్చి బిగిస్తారు, బిగించగానే బాగవుతుంది. ఎంత హాయిగా ఉందో రాయలేను.

జూన్ 24

గవర్నర్‌పేటలో కంప్యూటర్ షాపులన్నీ లంచ్ టైముల్లో తిరిగాను. అందరినీ అడిగింది ఒకటే. కార్ల ఆటకి లాప్‌టాప్‌లో ఎంత మెమరీ ఉండాలండీ?

మొదటి షాపతను ఐదు వందల పన్నెండు దండిగా సరిపోతుందన్నాడు. సరిపోవట్లేదండీ అంటే, అయితే వైరస్ ఉందన్నాడు. రెండో అతను ఒక జీబీ అన్నాడు. మూడో షాపులో, రెండు జీబీ లేకుండా గేముల పేరెత్తొద్దన్నారు. ఇంకొకాయన, మెడలో టై కూడా ఉంది, "అసలు మెమరీ కాదు మేడమ్, గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది దీంట్లో కుదరదు, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. నిరుడు ఫిన్నీని చూపించడానికి తిరిగినప్పుడూ ఇంతే, ఒక్కో డాక్టరు ఒక్కో మాట. కాకపోతే అక్కడ చివరికి అందరూ ఒకే మాట మీదికి వచ్చారు. ఇక్కడ ఇంకా రాలేదు, అదే నయం.

సందులో చిన్న షాపు రాంబాబు గారిది. ఆయన ఒక్కడే ఎదురు ప్రశ్న వేశాడు.

"ఎవరాడతారండీ?"

"మా తమ్ముడండీ."

"బాగా స్పీడా?"

"చాలా స్పీడండీ" అన్నాను. ఎందుకన్నానో.

"అయితే రెండు జీబీ వేసేద్దామండీ. మీ దాంట్లో ఇప్పుడు రెండొందల యాభై ఆరువి రెండు ముక్కలుంటాయి. అవి తీసేసి కొత్తవి పెడితే దున్నేసుద్ది. సరుకు వచ్చే వారం వస్తదండీ."

జూన్ 26

నాన్న ఫోన్ చేశాడు. ఒరిస్సాలో ఏదో ధాబా దగ్గర ఆగాడట. అమ్మ ఫోన్‌ను ఫిన్నీ చెవి దగ్గర పట్టుకుంది.

"నాన్నా, అక్క మెమరీ వేయిస్తంది. ఇక నీకంటే ముందు నేను హౌరా పోతా."

"హారన్ కొట్టరా, సైడిస్తా" అని నాన్న గట్టిగా నవ్వడం నాకూ వినపడింది. తర్వాత నాతో మాట్లాడాడు. "వాడి చేతులెట్టా ఉన్నయ్యమ్మా?"

"బాగున్నాయి నాన్నా. గేమ్ ఆడుతున్నాడుగా."

"అవున్లే. మీ అమ్మ సాక్ష్యం కూడా చెప్పిందంటగా" అన్నాడు. ఇంకేదో అడుగుతాడనుకున్నాను. జాగ్రత్త అని పెట్టేశాడు.

జూలై 1

వేయించాను. రాంబాబు గారు వెనక మూత విప్పి పాత ముక్కలు రెండూ తీసి కవర్లో వేసి ఇచ్చాడు. చూపుడు వేలంత పొడుగు కూడా లేవు. వీటి కోసమా ఇన్నాళ్ళూ ఇంత గొడవ.

జూలై 2

వివరంగా రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

సెంటర్‌కు సెలవు పెట్టాను, చూద్దామని. ఫిన్నీకి దిండ్లు ఎత్తు పెట్టి, పీట వేసి, చేతులు రెండూ తీసి కీబోర్డు మీద పెట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. కోటి కూడా వచ్చాడు. ఆట మొదలైంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. కాలవలో నీళ్ళు వదిలినట్టు రోడ్డు వచ్చేస్తోంది. "అబ్బ, ఏం పోతందిరా" అన్నాడు కోటి.

మొదటి మలుపులో కారు గోడకు కొట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు. అదే మలుపు, అదే గోడ. మూడోసారి ఆ మలుపు దాటి తర్వాతదాంట్లో కొట్టుకుంది. మిగతా కార్లన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"అలవాటు లేక. ఇంత స్పీడు కొత్తగదా" అన్నాడు కోటి.

"అవును, కొత్త" అన్నాడు ఫిన్నీ.

ఇన్నాళ్ళూ వాడు ఆడుతుంటే నేను తెర వైపే చూశాను. కారు ఎక్కడ ఆగుతుందో, ఎందుకాగుతుందో చూశాను. ఈరోజు తెర మీద చూడ్డానికి ఏ లోపమూ లేదు. అందుకని చేతులు చూశాను. కుడి చేతి వేలు బాణం గుర్తు మీదే ఉంది, కానీ నొక్కేది వేలు కాదు. భుజం కాస్త ముందుకు పడేసి, ఆ బరువుతో అరచెయ్యి మొత్తాన్ని దాని మీదకు జరుపుతున్నాడు. మీట దిగేసరికి మలుపు అయిపోతోంది. ముందు కారు ఆగి ఆగి పోయేది కాబట్టి చెయ్యి వచ్చేదాకా మలుపు కాచుకుని ఉండేది. ఆ రెండో స్థానం అట్లా వచ్చింది.

మెమరీ చాలక వాడు ఓడిపోతున్నాడనుకున్నాను. మెమరీ చాలకనే వాడు ఆడగలిగాడు.

కోటి వెళ్ళిపోయాడు. అమ్మ లోపలికి వెళ్ళింది. "మూసెయ్యక్కా, కళ్ళు లాగుతన్నయ్" అన్నాడు ఫిన్నీ. మూసేశాను. నేనే తెచ్చాను, ఊరంతా తిరిగి మరీ తెచ్చాను.

జూలై 3

ఆడలేదు.

జూలై 4

ఆడలేదు. చార్జింగ్ లేదన్నాడు. ఉంది.

జూలై 6, ఆదివారం

చర్చి అయ్యాక పాస్టరు గారు అమ్మతో అన్నారు, వచ్చే ఆదివారం ఫిన్నీని తీసుకురండి, బిడ్డ నోటితోనే సాక్ష్యం చెప్పిద్దాం, కుర్రాళ్ళు ఆటోలోంచి దింపి కుర్చీతో సహా మోసుకొస్తారు అని. అమ్మ తల ఊపింది. ఇంటికి రాగానే వాడి తెల్ల చొక్కా తీసి నానబెట్టింది.

జూలై 7

"అక్కా, అమ్మకు చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పమంటావ్?"

"సాక్ష్యం వద్దని. పోతన్న చేతులు పెట్టుకుని నన్ను మైకు ముందు కూచోబెడితే నేనేం చెప్పేది?"

"నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

"నా చేతుల సంగతి నాకు ఇంకొకళ్ళు చెప్పాలా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వాడికి తెలియదనుకుని ఈ సంవత్సరమంతా నేను వాడి ముందు ఎంత హుషారుగా తిరిగానో తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే.

జూలై 8

చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ తెల్ల చొక్కాకు గంజి పెడుతోంది. "మెమరీ వేయించినా ఆడటంలేదేంటే వాడు?" అని తనే అడిగింది. "ఆ ముక్కలు దీంట్లో సరిగా కూర్చోలేదమ్మా, రేపు తీసుకెళ్ళి చూపిస్తాను" అన్నాను. నోటికి అదే వచ్చింది. వచ్చాక, అది అబద్ధమే ఎందుకవ్వాలి అనిపించింది.

జూలై 9

"తీసెయ్యడమేంటండీ?" అన్నాడు రాంబాబు గారు. "పని చెయ్యట్లేదా?"

"చేస్తోందండీ. మాకు ఎక్కువైంది."

"మెమరీ చాలలేదని వచ్చినవాళ్ళున్నారు గానీ, ఎక్కువైందని వచ్చినవాళ్ళు నా షాపు పెట్టాక లేరండీ."

"పాతవే పెట్టేయండి. కొత్తవి మీ దగ్గరే ఉంచుకోండి."

నా మొహం చూసి ఇక వాదించలేదు. స్క్రూలు విప్పి, పాతవి పెట్టి, తుడిచి ఇచ్చాడు. "ఇంకేదన్నా కావాలన్నా రండి" అన్నాడు.

జూలై 10

నేను సెంటర్ నుంచి వచ్చేసరికి ఆడుతున్నాడు. గుమ్మంలోనే ఇంజను శబ్దం సాగి సాగి వినపడింది.

"ఏరా, మళ్ళీ నిదానించిందే?" అంది అమ్మ.

"మెమరీ చాలట్లేదమ్మా."

"మొన్నేగా వేయించింది?"

"చాలట్లేదు" అన్నాడు మళ్ళీ. నా వైపు చూడలేదు. ఆ అంకె ఎక్కడ కనిపిస్తుందో నాకు నేర్పినవాడే వాడు. చూసే ఉంటాడు. అమ్మ ఆ షాపువాణ్ణి తిడుతూ పోయింది. పాపం రాంబాబు గారు.

మూడో స్థానం వచ్చింది ఈరోజు.

జూలై 13, ఆదివారం

తెల్ల చొక్కా వేశాం. కుర్రాళ్ళు కుర్చీ మోశారు. పాస్టరు గారు మైకు ఇవ్వబోయారు. ఫిన్నీ కుడి చెయ్యి కుర్చీ మీద నుంచి కొంచెం లేచింది, అక్కడే ఆగింది. అందరూ చూస్తున్నారు. నేను లేచేలోపే అమ్మ వెళ్ళి మైకు అందుకుని వాడి నోటి దగ్గర పెట్టింది. ఏమాత్రం తడబాటు లేదు, రోజూ చేసే పనిలాగే పెట్టింది.

"నేను కారు బాగా నడుపుతున్నానండీ. అందరికీ వందనాలు" అన్నాడు ఫిన్నీ. చర్చంతా స్తోత్రం అంది. ఈసారి నేను అనలేకపోయాను.

ఇంటికొచ్చాక అమ్మ పెరట్లో కొరమీను పొలుసు తీస్తుంటే పక్కన కూర్చున్నాను.

"అమ్మా, వాడి చేతులు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు పొద్దున బస్సెక్కితే పొద్దుగూకి దిగుతావు. మజ్జానం వాడికి అన్నం ఎవరు పెడతన్నారనుకున్నావ్? క్రిస్మస్ కాణ్ణించీ నేనే ముద్దలు పెడతన్నా. నీ ముందు మటుకు పళ్ళెం మీదికి వంగి చెంచాతో ఎట్టాగో నెట్టుకొస్తన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, అక్క తట్టుకోలేదమ్మా అని."

"మరి ఆ సాక్ష్యం ఎందుకు చెప్పావమ్మా, అందరి ముందూ?"

అమ్మ చేపను తిప్పి రెండో వైపు పొలుసు తీయడం మొదలుపెట్టింది. "దేవుణ్ణి అడిగీ అడిగీ ఇన్నేళ్ళయింది గదే. ముందే స్తోత్రం చెప్పేస్తే, అంతమందిలో మైకులో చెప్పేస్తే, ఇక చెయ్యక తప్పదేమో అనుకున్నా. ఆయనకైనా మొహమాటం ఉంటదిగా."

కోపం రావాలి నాకు. రాలేదు. రెండు జీబీ కోసం గవర్నర్‌పేటంతా తిరిగినదాన్ని, ఏ మొహంతో కోప్పడను? చేప కడగడానికి నీళ్ళు తెచ్చిపెట్టాను.

ఆగస్టు 3

నాన్న వచ్చాడు. ఫిన్నీ పక్కన మంచం మీద కూర్చుని ఆట చూశాడు. తెర చూశాడు, తర్వాత చేతులు చూశాడు. "మెమరీ చాలట్లేదు నాన్నా" అన్నాడు వాడు. "అవున్రా, చాలట్లేదు. ఏం కంపెనీయో ఏందో" అన్నాడు నాన్న. వెంటనే లేచి, లారీ టైర్లు చూసుకోవాలని బయటికి వెళ్ళాడు. లారీ ఇక్కడ లేదు, యార్డులో ఉంది.

ఇప్పుడు ఇంట్లో నలుగురం ఆ మాటే అంటున్నాం. మాకు అలవాటైపోయింది.

సెప్టెంబర్ 18

నాలుగో స్థానం.

అక్టోబర్ 9

చివరివాడు. వరుసగా అంతే. అయినా ఆడతానంటాడు. ఆట అయ్యాక చేతులు తీసి దుప్పటి కింద పెట్టమంటాడు.

నవంబర్ 11

పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే పిలిచాడు.

"అక్కా, దీంట్లో మెమరీ ముక్కలు రెండున్నయ్ గదా."

"ఉన్నాయి."

"ఒకటి తీసేసినా విండోస్ వస్తదంట. కోటిని అడిగా."

అమ్మ వాడికి పెట్టే అన్నం కలుపుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఇంకొంచెం నిదానంగా పోద్ది, అంతే" అన్నాడు ఫిన్నీ.

లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకున్నాను. లంచ్ టైములో రాంబాబు గారి షాపుకు వెళ్ళి, ఒక ముక్క తీసేయమన్నాను. ఈసారి ఆయన ఎందుకని అడగలేదు. ఏది తీయమంటారండీ అన్నాడు. రెండూ ఒకటేనా అంటే ఒకటేనన్నాడు. ఏదో ఒకటి తీసేయమన్నాను. తీసి కవర్లో వేశాడు.

"కొన్నాళ్ళకు ఆ రెండోది కూడా తీసేయాల్సి వస్తే ఏమవుతుందండీ?" అని అడిగాను.

"అది తీస్తే ఇక ఆన్ అవదండీ" అన్నాడు.